లెంబోంగాన్‌లో గజం ఎంత?

ఇండోనేసియాలో ఉద్యోగమని తెలిసిన దగ్గర్నుంచి బంధువులూ స్నేహితులూ నన్ను అడిగేవి రెండే. అక్కడ మన తిండి దొరుకుతుందా? అక్కడ స్థలం కొనొచ్చా? మొదటిదానికి జవాబు చెప్పేలోపే రెండోది వచ్చి పడుతుంది. బాలీ పక్కన నూసా లెంబోంగాన్ అనే చిన్న దీవికి వీలున్నప్పుడల్లా వెళ్తుంటానని ఫొటోలు పెట్టాక ఇది మరీ ముదిరింది. ఆ నీళ్ల రంగు చూసి బాగుందన్నవాళ్లు తక్కువ. "బీచ్ ఫేసింగ్ బిట్టు ఎంతలో వస్తాదిరా?" అన్నవాళ్లే ఎక్కువ. మన దగ్గర గుడి కట్టినా, బైపాస్ పడినా, రాజధాని అన్నా ముందుగా నోట్లోంచి వచ్చే మాట అదే. విమానం ఎక్కినంత మాత్రాన ఎక్కడికి పోతుంది?

కొనలేరు. విదేశీయుడికి అక్కడ భూమి మీద పూర్తి హక్కు రాదు. ఈ జవాబు విన్నాక అందరూ అనే తర్వాతి మాట కూడా ఒకటే: "ఏదో ఒక దారి ఉంటాదిలే." ఉన్నాయి, ఎక్కువమంది పోయే దారులు రెండు. మొదటిది బినామీ. ఆ దారిన పోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్ల మీద నాకు జాలి లేదు. రెండోది పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో లీజు. అది చట్టానికి లోబడిందే. కానీ ఊరిని నిజంగా ఖాళీ చేసేది ఆ రెండోదేనని నా వాదన.

ముందు ఊరి సంగతి చెప్పాలి. లెంబోంగాన్ మొత్తం కలిపి ఎనిమిది చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన జుంగుత్‌బాతు, దక్షిణాన లెంబోంగాన్, ఈ రెండే ఊళ్లు. పెద్ద దీవి నూసా పెనిడా, బుల్లి దీవి నూసా చెనింగాన్, ఇది, మూడూ కలిపి క్లుంగ్‌కుంగ్ జిల్లాలో ఒక మండలం కింద లెక్క. ఒకప్పుడు క్లుంగ్‌కుంగ్ రాజులు తప్పు చేసినవాళ్లను పెనిడాకు పంపేసేవారట. ఇప్పుడు అదే చోటుకి జనం డబ్బిచ్చి మరీ వస్తున్నారు. బాలీలోని సానూర్ నుంచి స్పీడ్ బోటులో అరగంట, కాస్త అటూ ఇటూ. 2022 నవంబరులో సానూర్‌లో కొత్త రేవు తెరిచాక ఎక్కేటప్పుడు కాళ్లు తడవడం తగ్గింది. దిగేటప్పుడు మాత్రం జుంగుత్‌బాతు ఒడ్డున చాలా పడవలు ఇప్పటికీ వెనక భాగాన్ని ఇసుకకు తిప్పి ఆపుతాయి. ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని దూకాల్సిందే. సూట్‌కేసులు అక్కడి మనుషులు నెత్తిన పెట్టుకుని మోస్తారు. చక్రాల సూట్‌కేసు తెచ్చుకున్నవాడి తెలివి అక్కడ బయటపడుతుంది.

ప్రయాణం గురించి ఇంకా రెండు మాటలు చెప్పి వదిలేస్తాను, మిగతాది వీడియోల్లో బోలెడంత ఉంది. భారతీయులకు వీసా ఆన్ అరైవల్ దొరుకుతుంది. 5 లక్షల రూపియా, 30 రోజులు, ఇంకోసారి 30 రోజులు పొడిగించుకోవచ్చు. బాలీలో అడుగుపెట్టే విదేశీ టూరిస్టుల దగ్గర 2024 ఫిబ్రవరి నుంచి లక్షా యాభై వేల రూపియా విడిగా తీసుకుంటున్నారు. జూలై, ఆగస్టుల్లో జలసంధిలో అలలు గట్టిగా ఉంటాయి, కడుపులో తిప్పే రకమైతే పొద్దున్నే బోటు ఎక్కడం మేలు. డెవిల్స్ టియర్ అనే చోట రాళ్ల అంచు దాకా వెళ్లి సెల్ఫీ దిగొద్దు, అలలు జనాన్ని లాక్కుపోయిన చోటు అది. శాకాహారులకు టోఫు, టెంపే ఎక్కడైనా దొరుకుతాయి, కానీ పక్కన పెట్టే సంబల్ అనే కారప్పచ్చడిలో చాలాసార్లు ఎండురొయ్యల ముద్ద ఉంటుంది. అడగకుండా నోట్లో పెట్టుకుని తర్వాత ఏడవొద్దు.

ఇక భూమి. ఇండోనేసియా భూమి చట్టం 1960 సెప్టెంబరులో వచ్చింది, సుకర్నో కాలంలో. మనం పట్టా అనుకునే పూర్తి హక్కుకు వాళ్లు పెట్టిన పేరు హక్ మిలిక్. ఆ దేశ పౌరులకు తప్ప ఇంకొకరికి అది రాదు. పొరపాటున వారసత్వంగా విదేశీయుడి చేతికి వస్తే ఏడాదిలోపు వదులుకోవాలి. నేరుగా గానీ దొడ్డిదారిన గానీ విదేశీయుడికి బదిలీ చేస్తే ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానిది అవుతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు. చట్టంలో ఇంత సూటిగా రాసి ఉంది. అయినా బాలీ కాఫీ షాపుల్లో కూర్చుంటే నామినీ ఒప్పందాల గురించి మాట్లాడుకునే బల్ల ఒకటైనా కనబడుతుంది. స్థానికుడి పేరున రిజిస్ట్రేషన్, ఆ స్థానికుడు మనకు అప్పున్నట్టు ఒక కాగితం, ఎప్పటికీ రద్దు కాని పవర్ ఆఫ్ అటార్నీ ఇంకో కాగితం. ఆ పేరు గల మనిషి చచ్చిపోతే, విడాకులు తీసుకుంటే, లేదా ఒక పొద్దున లేచి "ఇది నాదే కదా" అనుకుంటే ఈ కాగితాలన్నీ కోర్టులో చిత్తు కాగితాలే.

ఈ చట్టం అన్యాయమని విసుక్కునే తెలుగువాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మాది నర్సీపట్నం. ఘాటెక్కితే ఏజెన్సీ. మా వైపు పిల్లలకు ఎక్కాలతోపాటే 1/70 చట్టం కూడా చెవిన పడుతుంది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లకూడదు. ఇప్పటికే గిరిజనేతరుడి చేతిలో ఉన్నది కూడా ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికి వీల్లేదు. ఆ చట్టాన్ని దాటడానికి కింది ఊళ్లవాళ్లు వేసే వేషాలు, గిరిజనుల పేరున నడిచే లాడ్జీలు, రిసార్టులు మా వైపు అందరికీ తెలుసు. అరకులో కాటేజీ ఎవరి పేరున ఉందో, డబ్బు ఎవరిదో అడగకూడదన్నది ఒక మర్యాద అయిపోయింది. లెంబోంగాన్‌లో విదేశీ పెట్టుబడి మాట వినగానే నాకు గుర్తొచ్చేవి ఆ కాటేజీలే. అమెరికాలో ఉండే మన ఎన్నారైలు కూడా ఇండియాలో వ్యవసాయ భూమి గానీ, తోట గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనడానికి మన చట్టం ఒప్పుకోదు, వారసత్వంగా వస్తే తప్ప. మన దేశానికి తప్పు కానిది ఇండోనేసియాకు ఎందుకు తప్పయింది?

ఆ 1960 చట్టం వెనక కథ కూడా ఉంది. డచ్చివాళ్లు 1870లో తెచ్చిన చట్టం ప్రకారం యాజమాన్యం రుజువు చేయలేని భూమంతా ప్రభుత్వానిది. ఆ భూమిని తోటల కంపెనీలకు 75 ఏళ్ల దాకా లీజుకిచ్చేవారు. తేయాకు, రబ్బరు తోటలు చాలావరకు అలా పుట్టినవే. స్థానికుల సొంత భూమిని బయటివాళ్లకు అమ్మకూడదన్న నిషేధం డచ్చివాళ్ల కాలంలోనూ ఉంది, లీజుకు మాత్రం అడ్డు లేదు. అమ్మకం నిషేధించి లీజు తలుపు తెరిచి ఉంచితే ఏమవుతుందో ఆ దేశం ఒకసారి చూసింది. ఇప్పుడు మళ్లీ చూస్తోంది, ఈసారి తేయాకు బదులు ఈతకొలనులు.

మావాడొకడు, చిన్నప్పటి స్నేహితుడు, భార్యాభర్తలిద్దరూ సింగపూర్‌లో ఉంటారు. నాతోపాటు లెంబోంగాన్ వచ్చి మొదటి సాయంత్రానికే ఆ దీవికి పడిపోయారు. రెండో పొద్దుటికి బ్రోకరు దొరికాడు. ఆ దీవిలో బ్రోకరును వెతకక్కర్లేదు, స్కూటర్ అద్దెకిచ్చేవాడే బ్రోకరు. నాలుగు ఆరెల బిట్టు చూపించాడు. బాలీలో భూమిని ఆరెల్లో కొలుస్తారు, ఆరె అంటే వంద చదరపు మీటర్లు. నాలుగంటే మనకు దాదాపు పది సెంట్లు. ఇంటి వెనక నుంచి ఇసుక దాకా, రెండు కొబ్బరిచెట్లు, ఒక పాత పాక. ముప్పై ఏళ్ల లీజు, డబ్బంతా ముందే.

"అన్నయ్యా, మన పేరు మీద రాదంటే ఇంకెందుకు?" అని మావాడి భార్య మొదట వెనకాడింది.

"ముప్పై ఏళ్లే! అప్పటికి మనకు డెబ్బై దాటిపోతాయి. ఆ తర్వాత ఎవడికి కావాలి?" అన్నాడు మావాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. వాడికి ముప్పై ఏళ్లంటే మిగిలిన జీవితం. ఆ ఇంటివాళ్లకు?

మాటలకు రమ్మంటే ఇంటాయన ఇంటికే వెళ్లాం. అరుగు లాంటి బాలే మీద చాప వేశారు. ఇంటాయన, ఆయన భార్య, పదిహేడేళ్ల కొడుకు, బ్రోకరు, మేము. ఆయన్ను నేను బ్లి అంటాను, బాలీలో అన్న వరస, ఆవిడను ఇబు అంటాను, అమ్మ అన్నట్టు. బ్రోకరు నోటరీ దగ్గర రాయించిన ముసాయిదా తెచ్చాడు. ఎడమవైపు ఇండోనేసియా భాష, కుడివైపు ఇంగ్లీషు, మధ్యలో గీత. అద్దె మొత్తం, పన్ను ఎవరు కట్టాలి, పొడిగింపు ఎలా, హక్కును వేరేవాళ్లకు మార్చుకోవచ్చా. ఆ చివరి అంశంలో మార్చుకోవచ్చని రాసి ఉంది, యజమానిని అడగనక్కర్లేకుండానే. బ్లి తలూపుతూ వింటున్నాడు. కొడుకు ఫోన్ చూసుకుంటున్నాడు. ఒప్పందం ముగిసేసరికి వాడికి నలభై ఏడేళ్లు వస్తాయి. వాడి పిల్లలకు పెళ్లీడు వచ్చేదాకా ఆ ఇసుక వాడిది కాదు. సంతకం మాత్రం వాళ్ల నాన్నది.

ఇబు అంతసేపూ అరటాకుతో నైవేద్యాల చిన్న బుట్టలు అల్లుతూ కూర్చుంది. చదవడం అయిపోయాక ఒకటే అడిగింది. నాచు ఎక్కడ ఆరబెట్టుకోవాలి?

బ్రోకరు నవ్వేశాడు. నేను నవ్వలేదు. ఆ ఊరి బతుకు తెలిసినవాడు ఎవడూ నవ్వడు.

సముద్రపు నాచు సాగు ఆ దీవిలో 1980ల నుంచీ ఉంది. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోయినప్పుడు లెంబోంగాన్, చెనింగాన్ దీవుల మధ్య నీళ్లలోకి చూస్తే మడులు మడులుగా కనబడతాయి. మేకులకు కట్టిన తాళ్లు, ఆ తాళ్లకు జానెడు దూరంలో ఒక్కో నాచు ముక్క. ఆ ముక్కలు కట్టే పని ఎక్కువగా ఆడవాళ్లదీ ముసలివాళ్లదీ. ఒడ్డున నీలం టార్పాలిన్ నీడలో కూర్చుని తాడుకు ప్లాస్టిక్ పోగుతో ముడులేస్తారు, మాట్లాడుతూనే ఉంటారు, వేళ్లు మాత్రం ఆగవు. నెల, నెలన్నరకు కోత. కోశాక మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి, ఎండాక బరువు బాగా తగ్గిపోతుంది. దాన్నుంచి తీసే కరాగీనన్ ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో చిక్కదనానికి వాడతారు. ఈ రకం నాచులో ప్రపంచంలో ఇండోనేసియాదే మొదటి స్థానం. ధర మాత్రం రైతు చేతిలో ఉండదు. నాచుకు తెగుళ్లు వచ్చి, ధరలు పడిపోయి, టూరిజం పెరిగి 2015 తర్వాత చాలామంది మానేశారు. పడవల్లో కూలీ, హోటళ్లలో జీతం నయమనిపించింది.

తర్వాత 2020 వచ్చింది. బోట్లు ఆగిపోయాయి, హోటళ్లు మూసేశారు. బార్ కౌంటర్లో పనిచేసినవాళ్లు, డైవింగ్ నేర్పినవాళ్లు మళ్లీ తాళ్లు పట్టుకుని నీళ్లలోకి దిగారు. సముద్రం అలాగే ఉంది. ఒడ్డు మాత్రం అన్ని చోట్లా అలాగే లేదు. నాచు పెంచడానికి నీళ్లెంత అవసరమో ఆరబెట్టడానికి నేలంత అవసరం. ముందు వరసలో లీజుకు పోయిన చోట గోడలు లేచాయి, సన్ బెడ్లు వచ్చాయి. ఖాళీగా పడున్న విల్లా గేటు ముందు సందులో టార్పాలిన్ పరిచి నాచు ఎండేసుకున్నవాళ్లు ఉన్నారు, అదీ కాపలావాడు చుట్టమైతే. ఇబు అడిగింది ఆ సంగతే.

లీజు సమర్థకులు చెప్పే మొదటి వాదన నాకు తెలుసు, మావాడే చెప్పాడు. అమ్మలేదు కదరా, గడువు తీరాక భూమి వాళ్లకే వస్తుంది, పైగా ఒకేసారి పెద్ద డబ్బు. ఆ డబ్బు లెక్క చూద్దాం. అక్కడి అసలు రేటు కాదు, లెక్క కోసం గుండ్రంగా అనుకుందాం. ఆరెకు ఏడాదికి కోటి రూపియా. నాలుగు ఆరెలు, పాతికేళ్లు. మొత్తం వంద కోట్ల రూపియా. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ మన రూపాయల్లో యాభై లక్షల పైమాట, అంతే. అద్దె మీద పన్ను పది శాతం పోతుంది. బ్రోకరు వాటా పోతుంది. మిగిలినదాంట్లో పడవకు కొత్త ఇంజన్, ఇంటి వెనక మూడు గదులు, కొడుక్కి హోటల్ కాలేజీ, అప్పటిదాకా వాయిదా వేసిన తాత దహన సంస్కారం. బాలీలో దహనం చిన్న ఖర్చు కాదు. డబ్బు చాలక కొన్నాళ్లు పాతిపెట్టి, తర్వాత ఊరంతా కలిసి ఒకేసారి చేసుకునే పద్ధతి కూడా ఉంది. ఇవేవీ దుబారా కాదు. కానీ అయిదారేళ్లలో డబ్బు ఖర్చయిపోతుంది, ఇంకా పంతొమ్మిదేళ్లు మిగిలే ఉంటాయి.

ఆ పంతొమ్మిదేళ్లలో పక్క బిట్ల రేటు మూడింతలైనా వాళ్లకు పైసా రాదు. లీజు తీసుకున్నవాడు మిగిలిన గడువును ఇంకొకడికి ఎక్కువకు అమ్ముకుంటాడు, ఆ లాభంలో యజమానికి వాటా లేదు. పొలం కౌలుకిచ్చిన రైతుకు ఏటా కౌలు పెంచమని అడిగే అవకాశం ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. గడువు తీరాకైనా వస్తుందా అంటే, పొడిగింపు అంశం ఒకటి కాగితంలో కూర్చుని ఉంటుంది, అప్పటి మార్కెట్ రేటు ప్రకారం అని. వెనక్కి తీసుకుంటామంటే, మేం కట్టిన కట్టడం విలువ కట్టివ్వండి అనే మెలిక పెట్టిన ఒప్పందాలు కూడా ఉంటాయి. యాభై లక్షలకిచ్చిన చోట రెండు కోట్ల విల్లా లేస్తే వెనక్కి తీసుకునేదెవరు?

మరి ఆ ఊళ్లకు సొంత రక్షణ లేదా? ఉంది, కొంత. బాలీ ఊళ్లలో ప్రభుత్వ పంచాయతీ కాకుండా దేసా ఆదత్ అని ఆచార గ్రామం ఉంటుంది. దానికి సొంత కట్టుబాట్లు, గుళ్లు, సొంత భూములు. ఆచార గ్రామానికి చెందిన ఇంటి స్థలంలో ఉండే కుటుంబం అనుభవించొచ్చు గానీ అమ్మడానికి లేదు, బదులుగా గుడి పనులు, ఊరి పనులు చేసి తీరాలి. అందుకే ఒక పక్క ఒడ్డంతా హోటళ్లయిపోయినా, నాలుగడుగులు లోపలికి వెళ్తే ఇంటి గుడులు, కోళ్లు, పొద్దున్నే ఊడ్చిన వాకిళ్లు కనబడతాయి. ఒడ్డున ఉన్నవి మాత్రం చాలావరకు కుటుంబాల పేరున సర్టిఫికెట్ ఉన్న భూములు. ఒకప్పుడు ఒడ్డు నేలంటే పంట పండని నేల, కొబ్బరికి తప్ప పనికిరానిది. వాటా పంచేటప్పుడు గట్టిగా అడగని కొడుకులకు అది దక్కిందని పెద్దవాళ్లు నవ్వుతూ చెబుతారు. ఇప్పుడు ఆ కొడుకులే ధనవంతులు.

కొడుకులు అన్నాను. కూతుళ్ల మాట వేరు. బాలీ ఆచారంలో ఆస్తి మగ సంతానానిది, ఇంటి గుడి బాధ్యత కూడా వాళ్లదే. 2010లో ఆచార గ్రామాల ఉన్నత మండలి కూతుళ్లకు కొడుకు వాటాలో సగం రావొచ్చని తీర్మానించింది. 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు తెచ్చిన ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాణ్ని కాబట్టి కాస్త గర్వంగా చెప్పబోయాను. మా చెల్లెలు ఎన్ని సంతకాలు పెట్టి తన వాటా వదులుకుందో గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ దీవిలో నాకు నచ్చిన ఆస్తి ఒకటుంది. లెంబోంగాన్ ఊరి నడుమ, నేల కింద. మేడె బ్యాస అనే తోలుబొమ్మలాట ఆయన, పూజారి కూడా, 1961 నుంచి 1976 దాకా సున్నపురాతిని తొలిచి నేల కింద ఇల్లు కట్టుకున్నాడు. గదులు, వంటిల్లు, బావి, గాలి రావడానికి పైకి కన్నాలు. భారతంలో లక్క ఇంటి నుంచి పాండవులు సొరంగం గుండా తప్పించుకున్న కథ ఆయనకు ఈ పనికి స్ఫూర్తి, అందుకే ఆ ఇంటికి గాలా గాలా అని పేరు. ఒంగుని, కొన్నిచోట్ల పాకుతూ వెళ్లాలి. గోడల మీద ఉలి దెబ్బలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. సముద్రం ఎక్కడా కనబడని ఆ ఇంటికి మన బ్రోకరు ఏం రేటు కడతాడో అడగాలనిపించింది.

సరే, బినామీని పక్కన పెట్టాం, పెద్ద లీజును తప్పు పట్టాం. ప్రభుత్వం చూసుకోదా అంటే, అప్పుడప్పుడు చూసుకుంటుంది, చూసుకున్న రోజు గట్టిగానే చూసుకుంటుంది. సముద్రపు పోటు గీత నుంచి కనీసం వంద మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని 2016 నాటి అధ్యక్ష ఉత్తర్వు. బాలీ ఒడ్డున నడిచినవాళ్లెవరైనా అది ఎంత అమలవుతుందో చూడొచ్చు. 2025 జూలైలో బాలీ దక్షిణాన బింగిన్ బీచ్‌లో ప్రభుత్వ భూమిలో ఉన్నాయని 48 కట్టడాలను గవర్నర్ వాయన్ కోస్టర్ దగ్గరుండి కూల్చివేత మొదలుపెట్టించాడు. అదే ఏడాది నవంబరులో పెనిడాలోని కెలింగ్‌కింగ్ కొండకు ఆనించి కడుతున్న 182 మీటర్ల గాజు లిఫ్టును ఆపి, విప్పేయమన్నాడు. బింగిన్‌లో కూలినవాటిలో స్థానికుల చిన్న హోటళ్లు కూడా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎవరూ అడ్డు చెప్పని చోట కట్టుకున్నవి. అంతా కట్టేదాకా ఊరుకుని తర్వాత బుల్‌డోజర్ తేవడం మనకేం కొత్త కాదు, హైదరాబాద్ చెరువుల్లో చూస్తూనే ఉన్నాం.

లొంబోక్ పక్కన గిలి త్రవాంగాన్ దీవిది ఇంకో రకం. మోటారు వాహనాలు లేని, గుర్రబ్బండ్లు తిరిగే దీవి. అక్కడ 65 హెక్టార్లు ప్రాంతీయ ప్రభుత్వానిది. 1995లో ఒక కంపెనీకిచ్చింది, కంపెనీ పెద్దగా చేసిందేమీ లేదు. ఆ నేల మీద జనం ఇళ్లు, హోటళ్లు, రెస్టారెంట్లు కట్టేశారు, విదేశీయులు వాళ్ల దగ్గర లీజులు తీసుకున్నారు. 2021లో ప్రభుత్వం కంపెనీ ఒప్పందం రద్దు చేసి, నేల మాది, మాతో కాగితం రాసుకోండి అని అక్కడున్నవాళ్లకు చెప్పింది. నాలుగు గోడలు, స్విమ్మింగ్ పూల్, టూరిస్టుల రద్దీ అన్నీ ఉన్నచోట కూడా కింద నేల ఎవరిదో అడగాలి. అసైన్డ్ భూమిలో ప్లాటు కొని 22ఎ నిషేధిత భూముల జాబితాలో పేరు చూసుకున్నవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

బ్రోకరుతో నాకు గట్టి వాదనే జరిగింది. వాడు మూర్ఖుడేం కాదు. "మీరు ఏడాదికోసారి అద్దె అంటారు సార్. 2020లో ఏడాది అద్దెకున్నవాళ్లంతా విమానమెక్కి పోయారు. ముందే మొత్తం పుచ్చుకున్నవాళ్లే ఆ రెండేళ్లు అన్నం తిన్నారు" అన్నాడు. దీనికి జవాబు చెప్పకుండా తప్పించుకోలేను. నిజమే, ఏడాది అద్దె ఊరికి భద్రత కాదు. టూరిజం మీద ఆధారపడ్డ ఊళ్లో ముందే చేతికొచ్చిన డబ్బుకు విలువ ఉంది. పల్లెవాళ్లకు డబ్బు వాడటం రాదన్నట్టు బయటినుంచి మాట్లాడటం నాకూ నచ్చదు. ఒడ్డు పల్లెటూరిగానే ఉండాలి, మేం వచ్చి ఫొటో తీసుకోవాలి అనడం ఇంకో రకం దోపిడీ. కానీ ఏడాదికీ ముప్పై ఏళ్లకూ మధ్య బోలెడు చోటుంది కదా? ఏడేళ్లు, పదేళ్లు పెట్టుకోవచ్చు. రెండేళ్ల అద్దె ముందు, రెండేళ్ల అద్దె డిపాజిట్‌గా, ఆపైన రెండేళ్లకోసారి పెంచుతూ. హక్కు ఇంకొకరికి మార్చాలంటే యజమాని ఒప్పుకోవాలి, లాభంలో వాటా ఇవ్వాలి. ఒడ్డుకు దారి, ఆరబెట్టే చోటు ఒప్పందం బయట ఉంచాలి. ఇందులో చట్టానికి విరుద్ధమైనది ఏదీ లేదు. పెద్ద ఒప్పందాలే ఎందుకు ఎక్కువంటే, మధ్యవర్తి వాటా మొత్తం మీద లెక్క కడతారు కాబట్టి. ముప్పై ఏళ్ల మొత్తం మీద శాతం, రెండేళ్ల మొత్తం మీద శాతం ఒకటి కాదు.

ఇంకో సంగతి, ఇల్లు కట్టుకోవాలన్న మన ఆత్రం గురించి. మావాడు ఆ దీవిలో ఏడాదికి మహా అయితే మూడు వారాలు ఉంటాడు. మిగతా రోజులు ఆ విల్లా ఎవరిదో తెలియని టూరిస్టులకు అద్దెకు పోతుంది, అంటే వాడు కోరుకున్నది ఇల్లు కాదు, వ్యాపారం. వ్యాపారానికి వీసా వేరు, కంపెనీ పెట్టాలి, పెట్టుబడి పరిమితులు వేరు, పన్నులు వేరు. "మన విల్లా" అని ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి ఇంత టెన్షన్ అవసరమా? ఆ మూడు వారాలు బ్లి ఇంటి గదుల్లో ఉంటే పొద్దున్నే అరటికాయ బజ్జీ కాఫీతో కలిపి వస్తుంది, గది దోమతెర చిరిగితే కుట్టించే బాధ్యత నాది కాదు.

2016 అక్టోబరు 16న లెంబోంగాన్, చెనింగాన్ దీవుల మధ్య పసుపు వంతెన పండగ జనంతో కూలింది, ఎనిమిది మంది చనిపోయారు. కొన్ని నెలలకే కొత్త వంతెన కట్టారు, మళ్లీ పసుపు రంగే వేశారు. దాని మీదుగా స్కూటర్ తోలుతూ మావాడి భార్య అంది, "ఇన్ని చూశాక కూడా ఈయన కాగితం మీద సంతకం పెట్టేసేవాడు అన్నయ్యా." మావాడు ముందు స్కూటర్లో ఉన్నాడు కాబట్టి వినబడలేదు.

చివరికి నోటరీ దాకా వెళ్లలేదు. నా షరతులు మావాడికి మరీ ఎక్కువనిపించాయి. ఒక అర్ధరాత్రి దాకా వాదించి నిద్రపోయి, పొద్దున లేచి తనే బ్లితో మాట్లాడాడు. ఇంటి వెనక రెండు గదులు బాగు చేయించడానికి డబ్బు ఇస్తానన్నాడు, అది అద్దెలో తగ్గించుకోవాలి, తాము వచ్చే వారాలు గదులు తమవి, మిగతా రోజులు బ్లి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. కాగితం రాసుకుంటే ఒక పేజీ వచ్చింది. ఇబు వేలుపెట్టి చదివించుకుంది. నాచు ఆరబెట్టే చోటు గురించి అందులో ఏమీ రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు. బ్రోకరు వాటా మాత్రం పోయింది. రేవులో నన్ను చూస్తే ఇప్పటికీ స్కూటర్ అద్దె రేటు పెంచి చెబుతున్నాడు.